నిన్నటి దారి అడిగే సారు

నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సు కోసం ఎదురుచూస్తుంటే వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే, ఒకప్పుడు నాతోపాటు ఇంగ్లీషు క్లాసుకు వచ్చిన కానిస్టేబులు. ఇప్పుడు హెడ్డు అయ్యాడు, బెల్టు మీదికి పొట్ట దిగింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"మన సారు పోయిండు, ఎరికేనా?" అన్నాడు.

"ఏ సారు?" అన్నాను, తెలిసి కూడా.

"ఇంకే సారు? ఇంగ్లీషు సారు. గద్వాల దవాఖానల పోయిండు. గుండె ఆగిందంట."

"నీకెట్ల తెలిసింది?"

నన్నొకసారి, బస్సులనొకసారి చూసి, "మాకు తెలుస్తదిలే" అన్నాడు.

మనిషి పోయాడని వింటే ఎవరికైనా ముందు అయ్యో అనిపిస్తుంది. నా మనసు మాత్రం 'మాకు' అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఊరు విడిచి వెళ్ళాక ఎక్కడున్నాడో ఎవరికీ తెలియని మనిషి చనిపోతే, ఆ కబురు మొట్టమొదట పోలీసుకెందుకు చేరాలి? బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా అదే ఆలోచన. నేనిప్పుడు నాగర్‌కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నాను. అంటే ఆయన పెట్టిన తిండే తింటున్నానన్నమాట. అయినా ఆయన మీద అనుమానం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క పిసరు కూడా అరగలేదు.

ఆయన వనపర్తికి ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. ఎరువుల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకున్నాడు. 'ఇంగ్లీషు మాట్లాడుట నేర్పబడును' అని బోర్డు కట్టాడు. దాని మీద పేరు లేదు, చదువు లేదు, ఫోను నంబరు లేదు. వనపర్తిలో పంచరు వేసేవాడు కూడా బోర్డు మీద తన పేరుకు ముందు 'ప్రొప్రైటర్' అని రాయించుకుంటాడు, ఈయనకేమైంది? మద్రాసు మనిషని దుకాణం సేటు అన్నాడు. మిలిటరీలో చేసి వచ్చాడని టీ కొట్టు ఆయన అన్నాడు. మేం అడిగితే నవ్వి బోర్డు వైపు తిరిగేవాడు, అంతే. ఆయన నోట ఒక్క తెలుగు ముక్క మేమెవ్వరం వినలేదు. సేటుతో కూడా సైగలతోనూ ఇంగ్లీషుతోనూ నెట్టుకొచ్చేవాడు.

ఆ రోజుల్లో మా వైపు కొత్త మనిషి వస్తే రెండే రకాలు. లోపలివాళ్ళ మనిషి, లేకపోతే పోలీసుల మనిషి. లోపలివాళ్ళంటే కొల్లాపూర్ అవతలి అడవిలో తిరిగే దళం. మూడో రకం మనిషి కూడా ఉంటాడని మా ఊళ్ళవాళ్ళు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

తెల్ల ఫుల్ చేతుల చొక్కా, ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు. కుర్చీ ఎప్పుడూ మెట్ల వైపు తిరిగి ఉండేది. మంచినీళ్ళు ఇస్తే ఒకసారి వాసన చూసి తాగేవాడు. కింద ఎరువుల దుకాణంలోంచి పురుగుమందు వాసన వస్తుంటుంది కాబట్టి అలా చూస్తాడని ఆసుపత్రి నర్సమ్మ సర్దిచెప్పేది, ఆమె కూడా మా క్లాసే. నేను ఒప్పుకోలేదు. వీధిలో జీపు చప్పుడైతే ఆయన చేతిలోని చాక్‌పీసు అక్షరం మధ్యలో ఆగేది. జీపు వెళ్ళిపోయాక మిగతా సగం అక్షరం రాసేవాడు. క్లాసంతా కలిసి స్టూడియోలో ఫోటో దిగుదామని తీసుకెళితే, ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చగానే "వన్ మినిట్" అని బయటికి వెళ్ళాడు. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. మధ్యలో ఖాళీ కుర్చీ, చుట్టూ మేం.

ఇంగ్లీషు మాత్రం వచ్చు. అందులో అనుమానం లేదు. మా కాలేజీల్లో పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టించేవాళ్ళు. ఈయన ఆ మాటల జోలికే పోలేదు. ఇన్, ఆన్, ఎట్, ఆఫ్, అప్, ఓవర్. ఈ చిల్లర మాటలే ఆయన సరుకు. "క్రియ ఒంటరిగా తిరగదు. ముందు నడిచేవాణ్ణి చూసి మోసపోవద్దు. వెనక ఎవరొస్తున్నారో చూడండి" అనేవాడు ఇంగ్లీషులో. 'గో' వెనక 'ఆన్' వస్తే పని సాగుతున్నట్టు. అదే 'గో' వెనక 'ఆఫ్' వస్తే పాలు విరిగినట్టు, లేదా బాంబు పేలినట్టు. బాంబు అనగానే క్లాసు గప్‌చుప్ అయిపోయింది. ఆ ముక్క చెప్పడానికి ఈయనకు వేరే ఉదాహరణ దొరకలేదా అని నేను మనసులో ఒక గీత గీసుకున్నాను.

అసలు గొడవంతా ఆయన పాఠం చెప్పే పద్ధతిలో ఉంది. హాజరు పిలిచేవాడు కాదు. సాయంత్రం క్లాసులోకి రాగానే ఒక్కొక్కరం లేచి నిలబడి నిన్నటి రోజంతా చెప్పాలి. ఇల్లు ఎప్పుడు వదిలావు, ఏ దారిన పోయావు, బస్సు ఎక్కడ ఎక్కావు, ఎక్కడ దిగావు, దారిలో ఎవరు ఎదురయ్యారు, ఇంటికి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు. దానికి ఆయన పెట్టిన పేరు 'యెస్టర్డే'.

మా ఇళ్ళలో బయల్దేరే మనిషిని "ఏడికి?" అని అడిగితే పెద్ద గొడవ. మా అమ్మయితే గడప దాటినవాణ్ణి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది. అడిగినవాళ్ళను మాత్రం ఆ రోజంతా తిట్టేది. అడగాలని ఎవరికైనా ఉన్నా "దూరమేనా?" అని పక్కనుంచి గోకుతారు. "గిట్లనే, జర గా దిక్కు" అని మనమూ పక్కనుంచే తప్పించుకుంటాం. పైగా మాకు 'కాడ' అనే దివ్యమైన మాట ఒకటుంది. బస్టాండు కాడ, అక్క కాడ, చేను కాడ, నా కాడ. లోపలున్నావా, బయటున్నావా, పక్కనున్నావా, వెనక దాక్కున్నావా, అన్నిటికీ ఆ ఒక్క మాటతో సరిపోతుంది. నేను పుట్టినప్పటినుంచీ ఆ మాట చాటునే బతికాను. ఆయన వచ్చి ఆ చాటు లాగేశాడు.

"ఐ వాజ్ నియర్ ద బస్టాండ్" అన్నాననుకోండి, ఊరుకోడు. నియర్ అంటే? బస్టాండు లోపలా? ఎదురుగానా? అవతలా? ఎట్ అనాలా, ఇన్ అనాలా, అక్రాస్ ఫ్రమ్ అనాలా? నువ్వు నిలబడ్డ చోటు తేలేదాకా వదలడు. మేమందరం బస్సు 'గాట్ డౌన్' అనేవాళ్ళం, ఆయన 'గాట్ ఆఫ్' అని దిద్దేవాడు. దిద్దడం బాగానే ఉంది. ఎక్కడ దిగావన్నది ఆయన మరిచిపోకపోవడమే నాకు నచ్చలేదు. ఒక్క ముక్క ఎక్కడా రాసుకునేవాడు కాదు. అయినా పోయిన వారం నర్సమ్మ ఏ బస్సెక్కిందో ఈ వారం ఆమెకే గుర్తుచేసేవాడు.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. మాది వీపనగండ్ల. మా అన్న డిగ్రీ మధ్యలో వదిలేసి, పాటల పిచ్చితో దళం వెంట పోయాడు. గొంతు బాగుండేది. అడవి ఊళ్ళలో కొన్నాళ్ళు డప్పు పట్టుకుని పాడాడు. పాట కోసం పోయినవాడు, చేతికి తుపాకి ఇచ్చేసరికి పట్టుకోలేక తిరిగొచ్చేశాడు. లొంగిపోతే పేపర్లో ఫోటో వేస్తారు, అది చూసి లోపలివాళ్ళు వదలరు. లొంగకపోతే పోలీసులు వదలరు. అందుకని మా నాన్న ఊరంతటికీ ఒకే మాట చెప్పాడు: "మా పెద్దోడు బొంబాయి పోయిండు." పాలమూరులో సగం ఇళ్ళలో ఎవరో ఒకరు బొంబాయి పోయినవాళ్ళే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అన్న మాత్రం కొత్తకోటలో హైవే పక్కన, ఒక మిస్త్రీ చాచా షెడ్డులో, వేరే పేరుతో లారీల కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు. నేను శనివారం ఇంటికి పోయి, ఆదివారం వచ్చేటప్పుడు అమ్మ చేసిన జొన్నరొట్టెలు అన్నకిచ్చి వనపర్తికి చేరేవాణ్ణి. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకూ చాచాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంకొకరికి తెలిస్తే అన్న ప్రాణం మీదికి వస్తుంది.

అలాంటివాణ్ణి నేను, పోలీసు పక్కన కూర్చుని రోజూ నా నిన్నటి దారి చెప్పాలి. కానిస్టేబులు ప్రమోషన్ పరీక్ష కోసం నేర్చుకుంటున్నానని అనేవాడు. ఆఫీసర్లు ఇంగ్లీషులో తిడుతుంటే తనకు కనీసం ఏమని తిడుతున్నారో తెలియాలి కదా అనేవాడు. నేను వాడి మాట కూడా పూర్తిగా నమ్మలేదు. నమ్మడం నాకంత తొందరగా రాదు.

ఒకసారి నోరు జారాను. పెబ్బేరులో బస్సెక్కాను, కొత్తకోటలో దిగాను, అక్కడ ఇంకో బస్సెక్కి వనపర్తికి వచ్చాను అని గడగడ చెప్పేశాను. ఒక్క తప్పు లేకుండా చెప్పానన్న సంబరంలో ఉన్నాను. ఆయన బోర్డు మీద మూడు చుక్కలు పెట్టాడు. పెబ్బేరు, కొత్తకోట, వనపర్తి. పెబ్బేరునుంచి వనపర్తికి తిన్నగా ఒక గీత గీశాడు. తర్వాత కొత్తకోట మీదుగా చుట్టూ ఇంకో గీత గీశాడు.

"నీకు తిన్నని దారి ఉంది. మరి చుట్టూ ఎందుకు తిరిగి వచ్చావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

కానిస్టేబులు కూడా నా వైపు తిరిగాడు. "మై ఆంట్, సర్" అన్నాను. మేనత్త. కొత్తకోటలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. ఒక్కతే ఉంటుంది. చూసి రావాలి.

మాకు కొత్తకోటలో మేనత్త లేదు. అసలు మా నాన్నకు తోబుట్టువులే లేరు.

ఆ రోజునుంచి ఆ అత్త నా నెత్తిన పడింది. సోమవారం సోమవారం "హౌ ఈజ్ యువర్ ఆంట్ గెట్టింగ్ ఆన్?" అని అడిగేవాడు. నొప్పులు తగ్గాయంటే 'గాట్ ఓవర్' నేర్పేవాడు. కోడలితో పడటం లేదంటే 'పుట్ అప్ విత్' నేర్పేవాడు. ఒంటరిదానికి కోడలెక్కడినుంచి వచ్చిందని మళ్ళీ ఆయనే అడిగితే, కొడుకూ కోడలూ ఈ మధ్యే వచ్చారని ఇంకో అబద్ధం. ఆమె గేదెను కొన్నది, అది తప్పిపోయింది, దొరికింది. నిజం చెప్పేవాళ్ళ రోజులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వాళ్ళు అవే నాలుగు వాక్యాలు తిప్పి తిప్పి చెప్పేవాళ్ళు. నేను వారం వారం కొత్త అబద్ధం అల్లాలి, దానికి కొత్త క్రియ కావాలి, దాని వెనక సరైన తోక కావాలి. క్లాసులో అందరికంటే ముందు నాకు ఇంగ్లీషు వచ్చిందంటే, లేని ఆ అత్త చలవే. నర్సమ్మయితే ఆమె మోకాళ్ళకు నూనె సీసా కూడా పంపింది. ఆ నూనె అన్న నడుముకు రాసుకున్నాడు.

ఒక ఆదివారం ఠాణా ముందునుంచి వస్తుంటే, ప్రహరీ లోపల ఆయన స్కూటరు కనిపించింది. ఎండకు రంగు పోయిన ఆ పాత స్కూటరు వనపర్తిలో ఇంకొకటి లేదు. ఎదురుగా ఉన్న సోడా బండి దగ్గర నిలబడి చూశాను. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చాడు. వెనక ఎవరూ లేరు. మెడ దాకా గుండీలు, నిదానంగా కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. దొరికావు సారూ అనుకున్నాను.

మర్నాడు క్లాసులో నా వంతు అయిపోయాక కూర్చోలేదు. "అండ్ వేర్ డిడ్ యూ గో యెస్టర్డే, సర్?" అన్నాను.

కానిస్టేబులు బూట్ల లేసులు సర్దుకున్నాడు. ఆయన నవ్వాడు. మేష్టర్లకు నిన్నలు ఉండవని చెప్పి, నేను వాడిన వాక్యం తప్పులేకుండా ఉందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు కారం రాసినట్టయింది.

ఆ తర్వాతి ఆదివారం కొత్తకోటలో దిగి అన్నకు రొట్టెలిచ్చాను. వేడి మిర్చిబజ్జీ తినాలనుందన్నాడు. రోడ్డుకు అవతల ఢాబా దగ్గర బజ్జీలు కట్టిస్తూ వెనక్కి తిరిగి చూశాను. షెడ్డు ముందు ఆ పాత స్కూటరు ఆగి ఉంది. సారు అన్నకు ఎదురుగా నిలబడి తల కాస్త వంచి ఏదో చెబుతున్నాడు. అన్న చేతిలో పానా అలాగే ఉంది. హైవే మీద లారీల వరస తెగదు. ఒకటి పోతే ఇంకొకటి. ఆ లారీల సందుల్లోంచి ఇద్దరూ కనిపిస్తూ, మాయమవుతూ ఉన్నారు. నేను ఇవతల బజ్జీల పొట్లం పట్టుకుని అల్లాడిపోయాను. నాకు సందు దొరికి పరిగెత్తుకుని వచ్చేసరికి ఆయన స్కూటరెక్కేశాడు. నన్ను చూసి, రోజూ క్లాసులో ఊపినట్టే తల ఊపి వెళ్ళిపోయాడు.

"ఏమన్నడు?" అన్నాను.

"ఏమనలే. బండి చూడుమన్నడు" అన్నాడు అన్న.

"అన్నా, గాయనే ఇంగ్లీషోడు. మొన్న ఠాణాలకెల్లి బయటికొచ్చిండని చెప్పలే? నిన్ను చూసిండు. నువ్వు ఈడ ఉండొద్దు. పో, యాడికన్న పో."

అన్న నాతో వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. పొట్లం విప్పి బజ్జీ తిన్నాడు. "సరే, పోత తియ్" అన్నాడు.

సోమవారం క్లాసుకు పోకూడదనుకున్నాను. పోకపోతే అది ఇంకో అనుమానం. పోయి కూర్చున్నాను. నా వంతు వచ్చింది. అత్తను చూసి వచ్చానని ఎప్పటిలాగే మొదలుపెట్టాను. సగంలో కానిస్టేబులు చెయ్యి ఎత్తాడు. బుధవారం తనకు కొత్తకోటలో డ్యూటీ అట. 'డ్రాప్ ఇన్' అనే మాట కొత్తగా నేర్చుకున్నాడు, దాన్ని వాడాలని ముచ్చట. మీ మేనత్త ఇంటికి 'డ్రాప్ ఇన్' అవుతాను, ఇల్లెక్కడో చెప్పు అన్నాడు. మసీదు పక్కనా, వెనకా, ఎదురుగానా? ఏది వాడాలి?

నాకు ఎదురుగా ఉన్న బోర్డు కనబడటం మానేసింది. మసీదుకు ఏ పక్కన చెప్పినా అక్కడ అత్త ఉండదు. అత్త లేదని తేలితే, మరి వారం వారం ఎవరి కోసం దిగుతున్నానన్నది తేలుతుంది. ఆ ఊళ్ళో రెండు షెడ్లు తిరిగితే చాలు.

సారు చాక్‌పీసు కింద పెట్టాడు. "డోంట్ గో" అన్నాడు కానిస్టేబులుతో. తర్వాత ఆ గదిలో ఎన్నడూ జరగని పని జరిగింది. ఆయన తన నిన్న చెప్పడం మొదలుపెట్టాడు.

నిన్న ఆయన కొత్తకోట మీదుగా వెళ్ళాడట. దారిలో స్కూటరు మొరాయించిందట. దగ్గరలోనే ఉంది కదా అని మా అత్త ఇంటికి వెళ్ళాడట. ఆమె గోడ పట్టుకుని లేచి వచ్చి మజ్జిగ ఇచ్చిందట. కొడుకూ కోడలూ ఆమెను రాయచూరు తీసుకుపోవడానికి సామాను సర్దుతున్నారట, ఇంటికి తాళం వేసేదాకా ఆయన అక్కడే ఉన్నాడట. ప్రతి క్రియ వెనకా తోక సరిగ్గా ఉంది. ఏ గుమ్మంలోంచి లోపలికి, ఏ అరుగు మీద, ఏ చెట్టు కింద, అన్నీ ఉన్నాయి. నేను సృష్టించిన అత్తకు ఆయన ఇల్లు కట్టి, మజ్జిగ చేయించి, బస్సెక్కించి పంపేశాడు.

కానిస్టేబులు నిరాశగా, "పాపం, గేదెను గూడ కొండవోయిన్రా సార్?" అన్నాడు తెలుగులో. ఆయన దాన్ని అమ్మేశారని ఇంగ్లీషులో చెప్పాడు. నర్సమ్మ నవ్వింది. క్లాసు ముందుకు సాగిపోయింది.

నేను కూర్చున్నాను. అత్త లేదని ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆయన నన్ను కాపాడాడని ఇంకెవరైనా అనుకునేవాళ్ళు. నాకు మాత్రం మెడకు పలుపుతాడు పడినట్టనిపించింది. అడక్కుండా ఇంత సాయం చేసే మనిషి రేపు ఏదో ఒకటి అడుగుతాడు. ఆ అడిగేది అన్ననే అయితే? ఆ రోజు మెట్లు దిగుతూ ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. పామును చూసినట్టు చూశాను. ఆయన మామూలుగానే తల ఊపాడు.

బుధవారం రాకముందే అన్న బొంబాయి పోయాడు, ఈసారి నిజంగానే. మా నాన్న ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధం నిజమైపోయింది. ఆ వెంటనే కొత్తకోటలో చాచా షెడ్డు ముందు జీపు ఆగింది. చాచాను రెండు దెబ్బలు వేశారు, పనివాడు పోయి చాలా రోజులైందని ఆయన కదలకుండా చెప్పాడు. సామాను చిందరవందర చేసి వెళ్ళిపోయారు. నేను ఈ సంగతి విని, ఇంకేం కావాలి అనుకున్నాను. అన్న అక్కడున్నాడని తెలిసిన బయటి మనిషి ఒక్కడే. జీపు వచ్చింది. ఇంకా సాక్ష్యమెందుకు?

క్లాసుకు మాత్రం మానకుండా పోయాను. మొదటి వరసలో కూర్చుని, ఆయన మొహం మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చునేవాణ్ణి. ఆయన ఏమీ అడగలేదు. అత్త ఊసు మళ్ళీ ఎత్తలేదు. నా ఇన్‌లూ ఆన్‌లూ దిద్దుతూనే ఉన్నాడు. వానాకాలం మొదలయ్యాక ఒక రోజు మెట్లెక్కి చూస్తే గదికి తాళం వేసి ఉంది, బోర్డు లేదు. సేటు కూడా ఏమీ చెప్పలేకపోయాడు.

రోజులు మారాయి. అన్న తిరిగొచ్చాడు. చాచా కన్నుమూశాక ఆ షెడ్డునే తీసుకుని నడుపుతున్నాడు, తన సొంత పేరుతో. కలిసినప్పుడల్లా మేమిద్దరం ఈ సారు సంగతి మాట్లాడుకోకుండా ఉండేవాళ్ళం కాదు. "వాడు పోలీసుల మనిషే" అని నేను. "ఇడ్సిపెట్టు, మనకెందుకు?" అని అన్న. అన్నకు ఎవర్ని చూసినా మంచివాళ్ళలాగే కనిపిస్తారని నేను విసుక్కునేవాణ్ణి.

ఇప్పుడు ఆ బస్సు వనపర్తి చేరింది గానీ నేను ఇంటికి పోలేదు. ఇంకో బస్సెక్కి కొత్తకోటలో దిగాను. అన్న ఒక లారీ టైరు పక్కన కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఇంగ్లీషోడు పోయిండంట" అన్నాను.

అన్న పానా కింద పెట్టాడు. గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"పక్కానా?"

"పక్కా. పోలీసాయన చెప్పిండు. చూడు, వాళ్ళకే ముందు ఎరికైంది."

"అట్లయితే ఇగ చెప్పొచ్చు" అన్నాడు అన్న. బల్ల మీద కూర్చున్నాడు. "ఆ దినం ఆయన బండి చెడిపోలే. మంచిగనే ఉండె. దిగంగనే నన్ను పేరు పెట్టి పిలిచిండు. ఈడ పెట్టుకున్న పేరు గాదు, నా అసలు పేరు. నా పానం పోయిందనుకున్న."

"తెలుగులనా?"

"తెలుగులనే. మనలెక్కనే మాట్లాడిండు, గద్వాల దిక్కు మాట, నడుమ నడుమ కన్నడం. నీ పేరు వాళ్ళ కాడికి పోయింది, వారంల జీపు వస్తది, గంతకుముందే పొమ్మన్నడు. మీకెట్ల ఎరికె సార్ అన్న. మీరు ఎవరి మనిషి అన్న. గది నన్నడగకు, అడుగుకుంట నిలవడితె నీకు టైముండదన్నడు."

నేను నిలబడే ఉన్నాను. "మరి నాకెందుకు చెప్పలే? ఇన్నేండ్లు?"

"చెప్పొద్దన్నడు. గదొక్కటే మాట తీసుకున్నడు నా తాన." అన్నాడు అన్న. "'నీ తమ్ముడు రోజు నా ముంగట కూసుంటడు. వాని పక్కనే పోలీసాయన కూసుంటడు. వాడు నన్ను దొంగను చూసినట్టు చూస్తడు. చూడనియ్యి, ఎవ్వరు పట్టించుకోరు. నిజం తెలిసిందనుకో, ఒక్కనాడన్న నన్ను వేరే తీరుగ చూస్తడు. గా ఒక్క చూపు చాలు, నువ్వు పోతవ్, వాడు పోతడు, నేను గూడ పోత. నేను బతికున్నన్ని దినాలు వాన్ని గట్లనే ఉండనియ్యి' అన్నడు."

హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఆ క్లాసులో మొదటి వరసలో కూర్చుని నేను చూసిన చూపులన్నీ ఆయనకు కావలసినవే అని, వాటిని ఆయన రోజూ ఓర్చుకుని, నా ఇంగ్లీషు దిద్ది పంపేవాడని అప్పుడు అర్థమైంది. ఆయనకు ఒక్క నమస్కారం కూడా మనసారా పెట్టలేదు నేను. పెట్టే వీలు ఆయనే లేకుండా చేసుకున్నాడు.

అయినా నా బుద్ధి ఊరుకోలేదు. "జీపు వస్తదని ఆయనకు ముందుగల ఎరికెనంటె, ఆయన వాళ్ళ మనిషేగద" అన్నాను.

"అవు" అన్నాడు అన్న. "ఠాణాల ఏం చేసెటోడో, ఎందరి పేర్లు చెప్పిండో నాకు తెల్వదు. నువ్వన్నది నిజమే."

ఆ మాట అన్న నోటితో అనిపించాలని నేను ఏళ్ళ తరబడి వాదించాను. అన్నాడు. నా ఎదురుగా, గ్రీజు చేతులతో, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలతో, బతికి కూర్చుని అన్నాడు. నేను ఆ టైరు మీదే కూలబడ్డాను. మొహం దాచుకుందామంటే చేతులు లేవలేదు.

అన్న లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు గెలిస్తివి గదరా, మరెందుకేడుస్తున్నవ్?" అన్నాడు.